తెలుపులో కలిసిన నీలం

మా పుట్టింట్లో వాన పడితే పని మొదలయ్యేది. అత్తింట్లో వాన పడితే పని ఆగిపోయేది. రెండిళ్ళ మధ్య దూరం ఒక నది, ఒక వంతెన, బస్సులో పావుగంట.

మా నాన్న ఉరుషి పనివాడు. ఉరుషి చెట్టు పాలు పూసి చెక్క గిన్నెలకీ పెట్టెలకీ నల్లటి నిగారింపు తెచ్చేవాడు. ఆ పాలు గాలిలో చెమ్మ ఉంటేనే గట్టిపడతాయి. అందుకే జూన్ వానలు మొదలైతే మా నాన్న ముఖం విప్పారేది. గిన్నెల్ని నునుపు చేసే పని నాది. బొగ్గుతో, నీళ్ళతో, చివరికి వట్టి వేలికొసతో రుద్దేదాన్ని. పదేళ్ళ వయసులో మొదలుపెట్టి పెళ్ళయ్యేదాకా చేశాను.

మా మామగారు మొచిజుకి తెయిజో ప్లాస్టిక్ కార్లకి రంగు వేసేవారు. పిల్లలు నేల మీద తోసుకుని ఆడుకునే బొమ్మలు కావు. అసలు కారులో ఇరవై నాలుగో వంతు ఉంటాయి. ముక్కలుగా పెట్టెలో వస్తాయి, కొన్నవాళ్ళు అతికించి, రంగేసి, అద్దాల బీరువాలో పెట్టి మురిసిపోతారు. వాటిని తయారుచేసే కంపెనీలు మా షిజువోకా ఊళ్ళో వీధికొకటి. కొత్త కారు బజారులోకి రాబోయే ముందు, పెట్టె మూత మీద ఫోటో కోసమూ ప్రదర్శన కోసమూ ఎవరో ఒకరు దాన్ని వంక పెట్టడానికి లేకుండా చేసివ్వాలి. ముప్పై ఏళ్ళుగా ఆ పని మామగారిది.

నేను చెప్పే వానాకాలం పాత చక్రవర్తి పోయి కొత్త శకం మొదలైన ఏడాదిది. అంతకుముందు శరదృతువులో మా అత్తగారు పోయారు. ఆవిడ బతికున్నంతకాలం కార్ల విడిభాగాలు కడగడం, అంచులు నున్నగా గీకడం ఆవిడే చూసుకునేది. ఆవిడ తర్వాత, ఆవిడ కూర్చునే ముక్కాలిపీట మీదకి నేను వచ్చాను. పదకొండేళ్ళ కాపురంలో టీ పళ్ళెం పట్టుకుని తప్ప ఆయన పనిచేసే గదిలోకి అడుగుపెట్టనిదాన్ని.

జూన్ ఎనిమిదిన ముసురు పట్టింది. ఆ రోజే కంపెనీ మనిషి సుగియామా గారు అట్టపెట్టె చంకలో పెట్టుకుని, ప్యాంటు పిక్కల దాకా తడిసి వచ్చాడు.

పెట్టె విప్పగానే మామగారు మొహం చిట్లించారు.

"ఎరుపా? తెల్ల కారు కావాలంటూ ఎర్ర ప్లాస్టిక్ తెచ్చావా? నీకు నా మీద పాత పగేమైనా ఉందా సుగియామా?"

"అచ్చు సరిచూసుకునేటప్పుడు యంత్రంలో ఎర్ర ముద్దే ఉంది మాస్టారూ. అమ్మకానికి తెల్లదే పోస్తాం. ఇవి మాత్రం ఇలా వచ్చేశాయి."

"ఎన్ని కావాలి?"

"మూడు. నెలాఖరుకి. అయిదు తెచ్చాను."

"ఆ రెండూ నా ముసలితనానికా?"

"వానకి మాస్టారూ, వానకి," అన్నాడు సుగియామా గారు గబగబా. అంటూ నా వైపు ఒకసారి చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. ఏదో తెలిసినవాడు, పైకి చెప్పలేనివాడు చూసే చూపు అది.

మరునాడు పొద్దున్నే పని మొదలైంది. మామగారికి తిట్టకుండా నేర్పడం చేతకాదు.

"గిన్నెలు తోమే సబ్బేసి తోము. చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది, నమ్మకు. అచ్చులోంచి ఊడి రావడానికి నూనె రాస్తారు. ఆ నూనె మీద రంగేస్తే పొరలా లేచొస్తుంది. పాత టూత్ బ్రష్‌తో సందులన్నీ తోము. కడిగాక బొటనవేలు ఆన్చావంటే మళ్ళీ మొదటికే. అంచు పట్టుకో, అంచు!"

"పట్టుకున్నాను మామయ్యా."

"ఆరాక బూడిదరంగు ప్రైమర్ ఇస్తాను. అది వేస్తేగానీ లోపాలు కనపడవు. అచ్చు అతుకుల గీతలు, గుంటలు, అన్నీ బయటపడతాయి. గీకు, మళ్ళీ వెయ్యి, మళ్ళీ చూడు. ఆ తర్వాత వెండిరంగు."

"తెల్ల కారుకి వెండి ఎందుకు?"

ఆయన కుర్చీలోంచి వెనక్కి తిరిగి, ఇంతకాలం ఈ ఇంట్లో ఏం తింటున్నావన్నట్టు చూశారు.

"ఎర్ర ప్లాస్టిక్ మీద తెలుపు వేస్తే నెల తిరక్కుండా కింది ఎరుపు పైకి ఊరుతుంది. కారు గులాబీ పువ్వవుతుంది. మధ్యలో వెండి పొర ఉంటే ఎరుపు దాన్ని దాటి రాలేదు. దాని మీద తెలుపు."

అలా ఒక్కొక్కటీ చెవిన పడేది. ఏ రంగైనా ముందు ప్లాస్టిక్ చెంచాల వీపు మీద వేసి చూసేవారు. చెంచా వీపు కారు పైకప్పులాగే వంపు తిరిగి ఉంటుంది. కిటికీకి కట్టిన తాడుకి రంగురంగుల చెంచాలు ఎండుచేపల్లా వేలాడుతుండేవి.

మొదటి కారు బాడీకి నాలుగు రోజుల్లో తెలుపు పడింది. పలచగా, పొర మీద పొర, రంగుని గాలితో చిమ్మే ఎయిర్ బ్రష్‌ని గాల్లో ఈ చివర మొదలుపెట్టి ఆ చివర దాటాక ఆపుతూ. ఆయన చెయ్యి ఎప్పట్లాగే సాఫీగా కదిలింది. ఆరిన కారుని నేను పిడి మీదనుంచి తీసి కిటికీ దగ్గర పెట్టాను.

తెలుపు కాదది. ఉతికిన చొక్కాకి నీలిమందు ఎక్కువైతే ఉండే రంగు.

అసలు కారుది పాల తెలుపు. సుగియామా గారు ఇచ్చిన రంగు అట్టముక్క బల్ల సొరుగులో పడి ఉంది. మామగారు దాన్ని తీసి చూడను కూడా లేదు. "ముప్పై ఏళ్ళుగా కలుపుతున్న తెలుపు, నాకు అట్టముక్క చెప్పాలా?" అని పక్కన పెట్టేశారు. ఆయన కళ్ళకి సీసాలోని తెలుపు పసుపు పచ్చగా కనపడుతోంది, దాన్ని విరవడానికి నీలం చుక్కలు వేస్తున్నారు. అది నాకు ఆ కిటికీ దగ్గర నిలబడ్డప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక మిగతావన్నీ వరసగా గుర్తొచ్చాయి. వసంతంలో బల్ల మీది బల్బు మార్చి పెద్దది పెట్టించారు. పేపరు చదవడం మానేసి, "కొత్తగా ఏముంటుందిలే" అంటున్నారు. ఎదురుగా వచ్చే బండి లైట్లు పడితే గోడ పట్టుకుని నిలబడిపోతున్నారు.

మా ఆయన నోరియో సిటీ బస్సు డ్రైవరు. మరునాడు పొద్దున డ్యూటీకి బయల్దేరుతూ చేతి తొడుగులు వేసుకుంటున్నప్పుడు చెప్పాను.

"మామయ్యకి కంటిపొరలు వచ్చాయి. రంగు తెలియట్లేదు."

నోరియో ఆశ్చర్యపోలేదు. అదే నాకు ఆశ్చర్యం. "నాకూ అనుమానంగానే ఉంది," అన్నాడు నెమ్మదిగా. "ఏమీ అనకు ఫుసాయె. అమ్మ పోయి ఇంకా ఏడాది కాలేదు. పని కూడా పోయిందంటే ఆ మనిషి లేవడు."

"మరి కార్లు?"

"రోజూ నాలుగింటికి ఊరుమ్మడి స్నానశాలకి వెళ్తారుగా. గంటన్నర రారు. ఆ టైములో నువ్వే సరిచేసెయ్యి. నీకు చేతనవుతుంది, నాకు తెలుసు. ఆయనకి తేడా కనపడదు."

నాకు చేతనవుతుందన్న మాట బాగుంది. మిగతాది బాగాలేదు.

"ఆయన వేసిన రంగు మీద దొంగచాటుగా నా రంగు వెయ్యనండీ. అలా చేస్తే ఆయన్ని గుడ్డివాణ్ణి చేసేది పొరలు కాదు, మనం."

"అయితే చెప్పేస్తావా?"

"అడిగితే చెప్తాను."

నోరియో గొడుగు తీసుకుని, గుమ్మంలో నిలబడి, మళ్ళీ ఒకసారి లోపలికి చూసి వెళ్ళాడు.

మూడో రోజు మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. అరుగు మీద వెలుగు పడింది. మామగారు మొదటి కారుని బయటికి తెచ్చి పలక మీద పెట్టి, ఓ అడుగు వెనక్కి వేసి చూసుకున్నారు. నేను ఉప్పులో ఊరవేయడానికి పుల్లటి ఉమే కాయల తొడిమలు తీస్తున్నాను.

"పొద్దస్తమానం ఏదో ఒకటి వాగుతుంటావు. రెండ్రోజులుగా నోట్లో మాట లేదు. ఏమైంది నీకు?"

"ఏమీ లేదు మామయ్యా."

"కారు ఎలా ఉంది?"

"పొర చాలా సాఫీగా పడింది. ఎక్కడా నలక లేదు."

"అది నాకు తెలుసు. తెలుపు ఎలా ఉంది?"

చేతిలో కాయ పళ్ళెంలో పెట్టాను.

"నీలంగా ఉంది మామయ్యా."

ఆయన కారు వైపే చూస్తున్నారు. పక్కింటి తూములోంచి నీళ్ళు కారుతున్న చప్పుడు వినబడుతోంది.

"ఎంత నీలం?"

"చూసినవాళ్ళెవరైనా తెలుపు అనరు."

"ఎప్పట్నించి?"

"నేను గమనించింది ఈ కారుకే. కానీ మార్చిలో పంపిన పోలీసు కారు ఉంది కదా, అప్పుడు నాకేదో తేడా అనిపించింది. నా కళ్ళదే తప్పనుకున్నాను."

"నీ కళ్ళు," అన్నారు. అంతే. కారుని తీసుకెళ్ళి లోపల పెట్టారు. ఇంకా మూడు కాలేదు, తువ్వాలు భుజాన వేసుకుని స్నానశాలకి వెళ్ళిపోయారు.

భోజనాల దగ్గర ఎండబెట్టిన చిన్న చేపలు అన్నం మీద చల్లుకుని, మామూలుగా రెండోసారి కూడా పెట్టించుకున్నారు. నోరియో నా మొహం, ఆయన మొహం మార్చి మార్చి చూస్తూ తిన్నాడు.

పొద్దున నేను గదిలోకి వెళ్ళేసరికి సొరుగులోని అట్టముక్క బల్ల మీద ఉంది.

"రంగు నువ్వు కలుపు," అన్నారు. "కొట్టేది నేను. చూపు నీది, చెయ్యి నాది."

కలిపాను. తెలుపులో గోధుమరంగు చుక్క, అగ్గిపుల్ల మొనతో ముంచినంత. చెంచా మీద వేసి, ఆరాక అట్టముక్క పక్కన పెట్టాను. తడి రంగుని నమ్మకూడదు, ఆరాక ముదురుతుంది. నాలుగో చెంచాకి కుదిరింది. చెంచాకీ అట్టముక్కకీ మధ్య గీత కనపడకుండా పోయింది.

ఆయన రెండో బాడీ చేతిలోకి తీసుకున్నారు. మొదటి పొర బాగానే పడింది. రెండో పొర దగ్గర చిక్కొచ్చింది. రంగు కొట్టేటప్పుడు తడి మెరుపుని చూస్తూ చెయ్యి కదపాలి, ఎక్కడ తడిసిందో ఎక్కడ తడవలేదో ఆ మెరుపే చెప్తుంది. ఆయనకి ఆ మెరుపు అందడం లేదు. తలుపు మీద ఒకసారి వెళ్ళిన చోటికే మళ్ళీ వెళ్ళారు. నేను "మామయ్యా" అనేలోపే రంగు కిందికి జారి కొవ్వొత్తి మైనంలా బొట్టు కట్టింది.

"కారిందా?"

"కారింది."

ఎయిర్ బ్రష్ మీట మీదనుంచి వేలు తీశారు. గాలి ఆగింది. లేచి, కుర్చీ వెనక్కి జరిపి, నా ముక్కాలిపీట మీద కూర్చున్నారు. కాసేపటికి, "కుర్చీ నీకు ఎత్తవుతుంది. కింద మర ఉంది, తిప్పుకో," అన్నారు.

నేను తిప్పుకున్నాను.

మిగిలినవి మూడు బాడీలు. కావలసినవీ మూడే. చేతిలో పన్నెండు రోజులు, బయట ఆగని వాన.

బిగుసుకుపోయానని చెబితే అబద్ధం. చెయ్యి తహతహలాడింది. మొదటి రోజంతా చెంచాలు. పద్దెనిమిది చెంచాలకి రంగు కొట్టాను. ఆయన పక్కన కూర్చుని చప్పుడు వింటూ దిద్దేవారు. చూపు తగ్గినా చెవి తగ్గలేదు.

"దగ్గరికి పోయావు. గాలి చప్పుడు లావైంది. వెనక్కి రా. మొదటి పొర ఇసక చల్లినట్టు పడాలి, కిందది కనపడుతుండగానే ఆపాలి. తొలి దెబ్బకే తెల్లగా చేసెయ్యాలన్న ఆశ ఎందుకు? అది రంగు, సున్నం కాదు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు నీ గాలి తిన్నగా పోతోంది. కానీ చివర ఆగిపోతున్నావు. కారు అయిపోయినా చెయ్యి వెళ్తూనే ఉండాలి."

రెండో రోజు బాడీ మీద మొదటి పొర వేశాను. అరగంటలో దాని మీద పాలపొగలాంటి మసక కమ్మింది. మెరుపంతా చచ్చిపోయింది.

"మసకేసింది," అన్నాను.

"వేస్తుంది. గాల్లో నీళ్ళున్నాయి. రంగు ఆరేలోపు ఆ చెమ్మ వచ్చి కూర్చుంటుంది. వాన వెలిసేదాకా ఆగడమే. నేనైతే ముప్పై ఏళ్ళూ ఆగాను."

"ఈసారి ఆగడానికి రోజులు లేవు మామయ్యా."

వంటింట్లోకి వెళ్ళాను. గిన్నెలు ఆరబెట్టే కరెంటు పెట్టె ఒకటి ఉంది, నోరియో కిందటి చలికాలంలో కొన్నాడు. కడిగిన గిన్నెలు లోపల సర్ది మూత వేస్తే వెచ్చటి గాలి తిరుగుతుంది. మా నాన్న ఉరుషి గిన్నెలకి తడిబట్టలు కట్టిన బీరువా ఉండేది. అక్కడ చెమ్మ కావాలి కనక చెమ్మ బీరువా. ఇక్కడ చెమ్మ వద్దు కనక పొడి బీరువా. ఇందులో ఆలోచించడానికి ఏముంది? గిన్నెలన్నీ తీసి గట్టు మీద పెట్టి, ముందు ఒక చెంచా లోపల పెట్టి చూశాను. మూత పూర్తిగా వేస్తే చెంచా వంగింది. నాలుగు వేళ్ళ సందు వదిలితే వంగలేదు. ఆ సందుతోనే ఖాయం చేశాను.

మసక పోవడానికి మామగారు నెమ్మదిగా ఆరే థిన్నర్ సీసా ఒకటి అలమరా అడుగునుంచి తడిమి తీసి ఇచ్చారు. దాన్ని పలచగా పైన కొడితే పొర మళ్ళీ కరిగి, లోపలి చెమ్మ వెళ్ళిపోతుంది. కొట్టి, కారుని గిన్నెల పెట్టెలో పెట్టాను. గంట తర్వాత మూత ఎత్తితే కారు పాలలో ముంచి తీసినట్టుంది.

"మామయ్యా, మసక పోయింది."

ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, మూత మీద చెయ్యి పెట్టి వెచ్చదనం చూశారు. "ముప్పై ఏళ్ళు," అన్నారు తనలో తను. "ముప్పై వానాకాలాలు ఆకాశం కేసి చూస్తూ కూర్చున్నాను. ఈ ఇంట్లో ఆడవాళ్ళు గిన్నెలు ఎలా ఆరబెడుతున్నారో ఒక్కసారైనా చూశానా?"

ఆ పన్నెండు రోజులూ మేము తడి గిన్నెల్లోనే తిన్నాం. నోరియో ఒకరోజు మిసో చారు నోటిదాకా తెచ్చుకుని ఆగాడు.

"ఇందులో థిన్నర్ వాసన వస్తోంది."

"అయితే బాగా ఆరుతుంది, తాగు," అన్నారు మామగారు. అత్తగారు పోయాక ఆయన పరాచికమాడగా వినడం అదే మొదటిసారి. నోరియో తాగేశాడు.

కార్ల నడుం మీద ఎర్ర గీత ఒకటి ఉండాలి, ఈ చివరనుంచి ఆ చివరకి. అంటించే టేపుని గాజుపలక మీద పరిచి, కొత్త బ్లేడుతో అంచు కోశాను. చుట్టనుంచి వచ్చిన అంచుకి దుమ్ము పట్టి ఉంటుంది. టేపు అంటించి, ముందు తెలుపే ఇంకోసారి దాని అంచు మీద పలచగా కొట్టాను. సందులేమైనా ఉంటే ఆ తెలుపే వెళ్ళి పూడుస్తుంది, ఎరుపు లోపలికి పాకదు. అది మామగారు చెప్పిందే. టేపు లాగేటప్పుడు మాత్రం ఆయన లేచి బయటికి వెళ్ళిపోయారు. "నాకు చూడటానికి కళ్ళు లేవు, వినడానికి గుండె లేదు," అన్నారు. రంగు పూర్తిగా ఎండకముందే, టేపుని దాని మీదకే మడుస్తూ నిదానంగా లాగాను. గీత కత్తితో కోసినట్టు వచ్చింది. మూడింటికీ.

పైన మెరుపు పొర నాలుగుసార్లు వేసి, మూడు రోజులు ఆరనిచ్చాను. ఆ తర్వాతిది నా పని. అది నాకెవరూ నేర్పక్కర్లేదు. నీళ్ళలో తడిపి రుద్దే గరుకు కాగితం, సబ్బు నీళ్ళు, సన్నంనుంచి మరింత సన్నానికి. వేలి బలం కాదు, నీటి బలం. పాలిష్ పేస్టు మెత్తటి బట్టతో, చివరికి బట్ట కూడా వదిలేసి వట్టి వేలికొసతో. కిటికీ ఊచలు పైకప్పు మీద వంకర లేకుండా కనపడేదాకా రుద్దాను.

మొదటిది పూర్తవగానే మామగారి అరచేతిలో పెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని, పైకప్పు మీదనుంచి ముందు మూత మీదకి, అక్కణ్ణించి తలుపు మీదకి చూపుడువేలు జార్చారు. ఒకసారి, మళ్ళీ ఒకసారి.

"ఈ నునుపు నేను చెప్పింది కాదు. ఎవరు నేర్పారు?"

"మా నాన్న."

"పదకొండేళ్ళనుంచి ఈ ఇంట్లోనే ఉన్నావు. ఎప్పుడూ చెప్పలేదే?"

"మీరు ఎప్పుడూ అడగలేదు మామయ్యా."

ఆయన తల ఊపారు. కారుని జాగ్రత్తగా అంచులు పట్టుకునే తిరిగి ఇచ్చారు.

జూన్ ముప్పైన సుగియామా గారు వచ్చాడు. మూడు కార్లూ నల్లబట్ట మీద వరసగా పెట్టాం. ఆయన కళ్ళజోడు పైకెత్తి, వంగి, ఒక్కో కారు చుట్టూ తల తిప్పాడు. జేబులోంచి రంగు అట్టముక్క ఒకటి తీసి కారు పక్కన పెట్టాడు. తనకూ ఒకటి తెచ్చుకున్నాడన్నమాట, మునుపెన్నడూ తేనివాడు.

"కుదిరిందా?" అన్నారు మామగారు.

"కుదిరింది మాస్టారూ. చాలా బాగా కుదిరింది." సుగియామా గారి గొంతులో ఊపిరి దిగిన చప్పుడు వినబడింది.

"మార్చిలో పోలీసు కారు కుదరలేదు కదూ?"

సుగియామా గారు టీ కప్పు అందుకోబోతూ ఆగిపోయాడు.

"ఫోటో తీసేవాళ్ళు దీపాలతో సర్దేశారు మాస్టారూ. పెద్ద విషయమేం కాదు."

"నీకు తెలుసు. ఫోటోలవాళ్ళకి తెలుసు. నా కొడుక్కి తెలుసు. ఊరందరికీ తెలిసి నాకొక్కడికే తెలియనిది నా రంగు." మామగారి మాటలో కోపం లేదు. దాచుకున్నది బయటపడ్డవాడి అలసట ఉంది. "సరే. ఈ మూడింటికీ రంగేసింది నేను కాదు. పెట్టె మీద వేసుకుంటావో లేదో నీ ఇష్టం. నీ చీటీలో మాత్రం పేరు సరిగ్గా రాసుకో. మొచిజుకి ఫుసాయె."

సుగియామా గారు నా వైపు తిరిగి, మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు చాప దాకా వంచి నమస్కరించాడు. నేనూ వంగాను. నా చేతివేళ్ళకి ఇంకా పాలిష్ పేస్టు అంటుకునే ఉంది, చాప మీద రెండు తెల్ల మరకలు పడ్డాయి.

ఆయన వెళ్ళాక మామగారు నోరియోని పిలిచారు. "రేపు నీకు సెలవేనా? నన్ను కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళు."

"ఇప్పుడేం తొందర నాన్నా..."

"తొందరే. నా కోడలు వేసిన తెలుపు ఏ తెలుపో నేను చూడాలి."

ముందు కుడికన్నుకి ఆపరేషన్ చేశారు. జూలై మూడో వారంలో, ముసురు వెళ్ళిపోయి ఎండ ఫెళ్ళున కాస్తున్న రోజున కట్టు విప్పి ఇంటికి పంపించారు. ఆసుపత్రి గేటు దాటగానే ఆయన నిలబడిపోయి ఆకాశం, ఎదురింటి డాబా, నా మొహం వరసగా చూశారు.

"నీకు ఇన్ని మచ్చలున్నాయా?"

"మీ ఇంటి ఎండకి వచ్చినవే మామయ్యా."

ఇంటికి వెళ్ళలేదు. బస్సెక్కి తిన్నగా కంపెనీకి తీసుకెళ్ళమన్నారు. లోపలికి వెళ్ళగానే ముందు గదిలో అద్దాల పెట్టె, అందులో మూడు తెల్ల కార్లు. ఆయన చేతికర్ర నాకిచ్చి, అద్దం ముందు గొంతుక్కూర్చున్నారు. చాలాసేపు కూర్చున్నారు. నేను వెనక నిలబడ్డాను. నాకు భయం లేదు. వాటిలో ఏముందో నాకు ప్రతి అంగుళమూ తెలుసు.

"తెలుపు," అన్నారు చివరికి.

"తెలుపే."

"మధ్య కారు. పైకప్పు వెనక మూల, కుడివైపు. నారింజ తొక్కలాంటి గరుకు ఉంది. గోరంత. మిగతా అంతా అద్దంలా ఉంటే అక్కడ వదిలేశావు."

చూపు వచ్చి మూడు గంటలు కాలేదు, తప్పు పట్టుకున్నారు. ఆ గొంతులో సంతోషం దాచుకోవడం ఆయనకి చేతకాలేదు.

"వదిలెయ్యలేదు మామయ్యా. ఆగాను. అక్కడ అంచు వంపు తిరుగుతుంది, పొర పలచబడుతుంది. ఇంకో నాలుగు రుద్దులు రుద్దితే తెలుపు పోయి కింది వెండి బయటపడేది. వేలికి తెలిసింది. అందుకని ఆపేశాను."

ఆయన మళ్ళీ ఆ మూలకేసే చూశారు. ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరికి జరిగారు. ఊపిరికి అద్దం మసకేస్తే చొక్కా చేత్తో తుడిచి మళ్ళీ చూశారు.

"నేనైతే రుద్దేవాణ్ణి," అన్నారు.

చెయ్యి చాపారు. పట్టుకుని లేపాను. చేతికర్ర ఇవ్వబోతే వద్దన్నారు. గుమ్మం దాకా తనే నడిచి, ఎండలో ఆగి, వెనక్కి తిరిగి, "ఆగస్టులో నల్ల కారు ఉందట. కడగడం, గీకడం నేను చూసుకుంటాను. నువ్వు తిట్టకుండా చెప్తే చాలు," అన్నారు.